బీలకు బయటి నుంచి వచ్చినవాళ్లు

పల్లెలో కరెంటు ప్లాంటుకు వ్యతిరేకంగా శిబిరం వెలిసిందంటే చాలు, ఒక మాట పుడుతుంది: ఇది ఊరివాళ్ల పని కాదు, బయటివాళ్లు వెనక ఉండి నడిపిస్తున్నారు. కూడంకుళం అణు కేంద్రం దగ్గర ఇడింతకరై మత్స్యకారులు నెలల తరబడి నిరసన చేస్తున్నప్పుడు, 2012 ఫిబ్రవరిలో ప్రధాని మన్మోహన్ సింగ్ అమెరికాకు చెందిన స్వచ్ఛంద సంస్థల వైపు వేలు చూపించారు. 2014లో ఇంటెలిజెన్స్ బ్యూరో నివేదిక ఇంకో మెట్టు ఎక్కి, విదేశీ నిధులు అందుకునే సంస్థల ఆందోళనల వల్ల స్థూల దేశీయోత్పత్తిలో ఏటా 2 నుంచి 3 శాతం నష్టపోతున్నామని లెక్క చెప్పింది. ఇంత పెద్ద మాటల మధ్య ఊరివాళ్లు తమ గడపలోకి వచ్చిన మనిషిని ఎలా చూస్తారన్నది ఎవరూ అడగలేదు. అది అర్థం కావాలంటే సోంపేట దగ్గర బీల అనే చిత్తడి నేల కోసం పోరాడిన శ్రీకాకుళం జిల్లా చరిత్ర చూడాలి.

ఆ జిల్లాకు బయటి నుంచి వచ్చే నాయకులు కొత్త కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. అప్పటికే మందస జమీందారీలో అడవి కలప కోసం రైతులు తగాదా పడుతున్నారు. సభ ముగిసిన కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, అరెస్టులను అడ్డుకున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. గుడారి రాజమణిపురానికి చెందిన వీర గున్నమ్మ ఆనాడు ప్రాణం విడిచింది. ఉపన్యాసాలు దేశం నలుమూలల నుంచి వచ్చాయి, గుండు తగిలింది మాత్రం ఊరి మనిషికి. తరువాతి తరంలో మైదాన ప్రాంతం నుంచి వెంపటాపు సత్యం పంతులుగా పార్వతీపురం ఏజెన్సీకి వెళ్లి, గిరిజనుల మధ్యే నివసించి, వాళ్లకు మాస్టారు అయ్యారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల హత్య తరువాత పోరాటం క్రమంగా సాయుధ రూపం తీసుకుంది. 1970 జులైలో సత్యం, ఆయన సహచరుడు ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో మరణించారు. ఆ తరువాత ఏజెన్సీ ఊళ్లు చూసిన అణచివేతను అక్కడి పెద్దలు మరచిపోలేదు. నా దృష్టిలో ఉత్తరాంధ్ర పల్లెల్లో బయటి మనిషి పట్ల ఉన్న గౌరవానికీ భయానికీ మూలం ఈ రెండు అనుభవాలే. మనతోపాటు ఉంటాడా, మనల్ని ముందుకు తోసి వెళ్లిపోతాడా అన్నది అక్కడ ఊరికే అడిగే ప్రశ్న కాదు.

సోంపేట దగ్గరి బీల సముద్ర తీరానికి ఆనుకుని ఉన్న చిత్తడి నేల. వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి, ఎండాకాలంలోనూ తడి ఆరదు. చుట్టుపక్కల ఊళ్లు అందులో చేపలు పట్టుకుంటాయి, పశువులను మేపుకుంటాయి, ఎత్తిపోతల పథకాల ద్వారా పొలాలకు నీళ్లు పెట్టుకుంటాయి. ఇంత మందికి బతుకునిచ్చే ఆ నేలకు పట్టా మాత్రం లేదు. ప్రభుత్వ రికార్డుల్లో అది సర్కారు భూమి. 2008లో అందులో సుమారు 970 ఎకరాలను 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కోసం నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించారు. అదే కాలంలో టెక్కలికి దగ్గర్లో, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర అనే చిత్తడి భూముల్లో అంతే సామర్థ్యం గల ఇంకో విద్యుత్ కేంద్రం కోసం ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అనే కంపెనీకి స్థలం ఇచ్చారు.

ప్లాంటు కావాలనేవాళ్లు, వద్దనేవాళ్లుగా ఊళ్లు ఏ కారణంతో చీలాయో ఇక్కడే తెలుస్తుంది. పట్టా ఉన్నవాడికి బేరం ఆడడానికి ఒక కాగితం ఉంటుంది. ధర నచ్చితే ఒప్పుకోవచ్చు, పిల్లాడికి ఉద్యోగం అడగవచ్చు. బీల మీద బతికే మత్స్యకారుడికీ, కూలికీ, గొర్రెల కాపరికీ అడగడానికి పరిహారం కూడా లేదు, ఎందుకంటే కాగితం ప్రకారం అతను పోగొట్టుకునేది ఏమీ లేదు. కాంట్రాక్టు పనుల మీద ఆశ పెట్టుకున్న కుటుంబాలు ప్లాంటు రావాలనుకున్నాయి. వాళ్లను అమ్ముడుపోయినవాళ్లనడం అన్యాయం. ఉద్దానం యువకులు పని వెతుక్కుంటూ దూర ప్రాంతాలకు రైలెక్కే జిల్లా అది. ఊళ్లోనే జీతం దొరుకుతుందన్న మాటకు అక్కడ చాలా బరువుంది. బయటి నుంచి వచ్చిన ఉద్యమకారులు ఈ బరువును గుర్తించనప్పుడల్లా ఊళ్లో సగం మంది వాళ్లకు దూరమయ్యారు.

ఇక చట్టం సంగతి. 2006 సెప్టెంబరు నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణను రెండుగా విడదీసింది. ప్రాజెక్టు స్థలం దగ్గర జరిగే బహిరంగ విచారణ స్థానికంగా నష్టపోయేవారి కోసం. సంబంధం ఉన్న మిగతావారు రాతపూర్వకంగా అభిప్రాయాలు పంపుకోవాలి. అంటే స్థానికులు ఒకవైపు, బయటివాళ్లు ఒకవైపు అన్న గీత చట్టంలోనే ఉంది. అయితే వేల పేజీల నివేదికను చదివి, అందులో చిత్తడి నేలను బంజరుగా చూపించిన చోటు పట్టుకోవడం పొద్దున లేచి వల వేసే మనిషికి సాధ్యమా? కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇచ్చాక అప్పీలుకు ఉండే గడువు 30 రోజులు. ఆ కాగితాలుండేది ఢిల్లీలో, ఇంగ్లీషులో.

సోంపేటలో ఈ పని చేసినవాళ్లు రెండు రకాలు. సోంపేటలోనే వైద్యం చేసే ఒక డాక్టరు, ఆయనతోపాటు నిలబడిన పర్యావరణ పరిరక్షణ సంఘం స్థానికులు. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మ బయటివారు. దేశానికి కరెంటు ఎలా సమకూర్చాలో ఆ శాఖ కుర్చీలో కూర్చుని ఆలోచించిన మనిషిని అభివృద్ధి వ్యతిరేకి అనడం ఎవరికీ సులువు కాలేదు. నర్మదా ఉద్యమ నాయకురాలు మేధా పాట్కర్ వచ్చారు, హక్కుల సంఘాలు వచ్చాయి. వాళ్ల చేత బీల గురించి మాట్లాడించింది మాత్రం ఆ ఊళ్ల ఆడవాళ్లూ మత్స్యకారులే. నీళ్లు ఏ వైపు పారతాయో, ఏ నెలలో ఎంత లోతు ఉంటాయో వాళ్లు చూపించారు. ఆ వివరాలను అప్పీలుగా మార్చడం బయటివాళ్ల వంతు.

2010 జులై 14న కంపెనీ పనులు మొదలుపెట్టేందుకు పోలీసు బలగాలతో వచ్చింది. జనం అడ్డుకున్నారు. కాల్పుల్లో మనుషులు చనిపోయారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అనుమతులపై అప్పీళ్లు వినే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ, ఆ ప్రాజెక్టుకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. కాగితం మీద గెలుపు, నేల మీద శవాలు ఒకే రోజు. ఈ ఘటన గురించి రాసేటప్పుడు ఇప్పటికీ నాకు కోపం వస్తుంది. ఆ ఉత్తర్వు వచ్చేదాకా పనులు ఆపి ఉంటే చాలు, ఆ మనుషులు బతికి ఉండేవాళ్లు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు జరిగాయి. వడ్డితాండ్రలో ఇళ్లు తగలబడ్డాయి. కేంద్ర పర్యావరణ శాఖ ఆ తరువాతే పనులు ఆపమని చెప్పింది.

కాల్పుల తరువాత ఊళ్లకు నాయకుల కార్లు వరుస కట్టాయి. కార్లు వెళ్లిపోయాయి, కేసులు మిగిలాయి. రెండు చోట్లా ఎంతో మంది గ్రామస్థులు కూలి మానుకుని ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిరిగారు. ఉద్యమకారుల పట్ల పల్లెలో వినిపించే అసలు ఫిర్యాదు ఇదే, ఇది న్యాయమైనది. సిద్ధాంతం గురించో విదేశీ నిధుల గురించో ఊళ్లో గొడవ లేదు. వాయిదా రోజున లాయరు ఫీజు ఎవరిస్తారన్నదే గొడవ. సోంపేటలో రిలే నిరాహార దీక్షలు ఏళ్ల పాటు సాగాయి, 2015లో ప్రభుత్వం భూ కేటాయింపు రద్దు చేసింది. ఆ కాలమంతా వస్తూపోతూ ఉన్న బయటివాళ్లను ఊరు తమవాళ్లుగా చూసింది. ఒక్కసారి వచ్చి ఫొటో దిగి వెళ్లినవాళ్ల పేర్లు పెద్దగా ఎవరికీ గుర్తులేవు.

అన్ని కథలూ సోంపేట దారిలో నడవలేదు. రణస్థలం మండలం కొవ్వాడలో అణు కేంద్రాన్ని మొదట్లో గట్టిగా వ్యతిరేకించిన ఊళ్లలో చాలా కుటుంబాలు క్రమంగా పరిహారం, పునరావాసం దగ్గర మెరుగైన బేరం కోసం పట్టుబట్టాయి. గుజరాత్‌లోని మిఠీవిర్దిలో నిరసనల తరువాత అక్కడ పెట్టాల్సిన అమెరికా రియాక్టర్లను కొవ్వాడకు మళ్లించారని తెలిసిన ఉద్యమకారులకు ఇది మింగుడు పడలేదు. కానీ కుటుంబం తరఫున నిర్ణయించే హక్కు ఆ కుటుంబానిదే. నల్లమల అడవుల్లో 2019లో యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా హైదరాబాద్ నుంచి పెద్ద గొంతులు లేచాయి, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం కూడా చేసింది. అది మేలు చేసింది. అదే అడవి నుంచి పులుల రక్షణ పేరుతో తరలింపు భయం ఎదుర్కొంటున్న చెంచు ఆదివాసీల కోసం ఆ గొంతులు అంతగా లేవలేదు. చెంచులు అది గమనించలేదనుకోవడం పొరపాటు.

సరుబుజ్జిలి మండలం వెన్నెలవలస ప్రాంతంలో ఇప్పుడు మరో థర్మల్ కేంద్రం ప్రతిపాదన ఉంది. ఆదివాసీ ఊళ్లు వ్యతిరేకిస్తున్నాయి, బయటి సంఘాలు వాళ్లకు తోడుగా వెళ్తున్నాయి. అధికారులు వెళ్లేవాళ్ల ఊరి పేరు అడగడం మానేసి, ప్రాజెక్టు నివేదికను ముందుగా తెలుగులో, గ్రామసభల చేతికి ఇవ్వాలి. వెళ్లే సంఘాలు లాయర్లను మొదటి రోజే వెంట తీసుకెళ్లాలి.