బ్రయాన్ మే టోన్ కోసం ప్రీసెట్లు వెతుకుతున్నారా? అపోహలు - వాస్తవాలు

వైజాగ్‌లో గిటార్ వాయించేవాళ్లకు, చిన్న బ్యాండ్లకు మోడలర్‌లో (యాంప్, ఎఫెక్టుల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) టోన్లు సెట్ చేసిపెట్టడం నా పని. ఎక్కువమంది అడిగేది క్వీన్ గిటారిస్ట్ బ్రయాన్ మే టోన్. నాకూ ప్రాణమే. అందుకే తరచూ వినే కొన్ని మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: మంచి ప్రీసెట్ దొరికితే చాలు.

ప్రీసెట్ అంటే మోడలర్‌లో దాచుకున్న సెట్టింగులు. అది చేసినవాళ్ల గిటార్ వేరు, మీ గిటార్ వేరు. బ్రయాన్ మే 1963లో తండ్రితో కలిసి ఇంట్లో తయారు చేయడం మొదలుపెట్టిన రెడ్ స్పెషల్ గిటార్‌లో మూడు బర్న్స్ సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేవి) సిరీస్‌లో ఉంటాయి. మీది హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) అయితే అదే ప్రీసెట్ ఇంకోలా పలుకుతుంది. ముందు ఇన్‌పుట్ లెవెల్ చూసుకోండి. గట్టిగా మీటినా ఎర్ర లైటు వెలగకూడదు.

అపోహ: గెయిన్ (యాంప్‌లోకి వచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) పెంచితేనే ఆ నిండుదనం వస్తుంది.

బాగా పాతుకుపోయిన నమ్మకం ఇది. మే వాడేది వోక్స్ ఏసీ30 యాంప్. నార్మల్ ఛానెల్ వాల్యూమ్ పూర్తిగా తిప్పేసి, యాంప్‌కి ముందు ట్రెబుల్ బూస్టర్ పెడతారు. అది కింది స్వరాల కన్నా పై స్వరాలను ఎక్కువగా తోస్తుంది. అందుకే యాంప్ అంతగా డిస్టార్ట్ అయినా లావు తీగలు ముద్దగా వినిపించవు. క్లీన్ కావాలంటే గిటార్ వాల్యూమ్ తగ్గిస్తారు, అంతే.

మోడలర్‌లోనూ అదే వరుస పెట్టండి. గిటార్ వాల్యూమ్ నాలుగు దగ్గర ఉంచి ఒక కార్డ్ మీటండి. తీగలన్నీ విడివిడిగా తేటగా పలికితే దారిలో ఉన్నట్టే. అప్పుడూ గరగరలాడితే బూస్టర్ తగ్గించండి.

రికార్డింగుల్లో వినిపించే గిటార్ల సమూహం ఒక్క టేక్‌లో వచ్చింది కాదు. ఒక్కో స్వరాన్ని విడిగా వాయించి, ట్రాక్ మీద ట్రాక్ పేర్చినది. ఇంకో సంగతి, మే పిక్ బదులు పాత సిక్స్‌పెన్స్ నాణెం వాడతారు. దాని గీతల అంచు తీగకు రాసుకుని చేసే చిన్న గీరు మోడలర్‌లోని ఏ ఎఫెక్ట్ బ్లాక్‌లోనూ దొరకదు. అంచుకు గీతలున్న నాణెంతో మీటి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

అపోహ: యాంప్ మోడల్ ముఖ్యం, క్యాబ్ ఐఆర్ ఏదైనా ఒకటే.

ఐఆర్ అంటే స్పీకర్ క్యాబినెట్ పలికే తీరును పట్టి ఉంచిన ఫైల్. నేనైతే ముందు దాన్నే మారుస్తాను. గిటార్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటాక శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. ఆ తగ్గింపు లేకుండా నేరుగా పీఏకి (స్టేజీ సౌండ్ సిస్టమ్) ఇస్తే కందిరీగల రొదలా ఉంటుంది. ఈ టోన్‌కి సెలెస్షన్ ఆల్నికో బ్లూ స్పీకర్ ఐఆర్‌తో మొదలుపెట్టండి.

అపోహ: హెడ్‌ఫోన్స్‌లో అదిరితే స్టేజీ మీదా అదురుతుంది.

ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో అర్ధరాత్రి చిన్న సౌండ్‌తో సెట్ చేస్తే చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా అందుతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు దీన్ని 1933లోనే కొలిచి చూపించారు. మనం ఆ రెండూ పెంచేస్తాం. బీచ్ రోడ్డులో ఓపెన్ స్టేజీ ఎక్కాక కింద బేస్ గిటార్‌తో తగువు, పైన చెవులు కోసేంత పదును. మిడ్స్ (మధ్య స్థాయి స్వరాలు) మునిగిపోతాయి. స్టేజీకి వేరే ప్రీసెట్ ఉంచుకుని, దాన్ని పెద్ద స్పీకర్ల మీదే సరిచేసుకోండి.

అపోహ: డిజిటల్ అంటే ఆలస్యం.

3 మిల్లీసెకన్ల ఆలస్యమంటే యాంప్‌కి దాదాపు మీటరు దూరంలో నిలబడినట్టే. టెన్షన్ వద్దు.

చివరిగా మన ఊరి సంగతి. ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. టోన్ మసకబారిందని ప్రీసెట్ మార్చేముందు తీగ అడుగున వేలితో రాసి చూడండి. గరుకుగా తగిలితే కొత్త సెట్ వేయండి.