మూగదెబ్బ తగిలిన పొట్టలోకి కెమెరా ఎలా వచ్చింది

నాయుడుపేట దగ్గరో సూళ్లూరుపేట దగ్గరో హైవే మీద బైకు పడి, హ్యాండిల్ పొట్టకు బలంగా తగిలిన మనిషిని చెన్నై తీసుకొస్తారు. పైకి చిన్న గీరుడే కనిపిస్తుంది. సర్జన్ ల్యాపరోస్కోపీ, అంటే చిన్న రంధ్రం గుండా పొట్టలోకి కెమెరా పంపి చూడటం, చేద్దామంటాడు. "స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు కదా సార్, మళ్ళీ కెమెరా ఎందుకు?" అని వెంట వచ్చినవాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం చాలా వెనక్కి వెళ్లాలి.

1901లో జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యుడు కెల్లింగ్ ఒక కుక్క పొట్టలో గాలి నింపి, మూత్రాశయాన్ని చూసే గొట్టంతో లోపలికి చూశాడు. పొట్టలో కారే రక్తాన్ని గాలి ఒత్తిడితో ఆపవచ్చా అన్నది ఆయన తపన. 1910లో స్టాక్‌హోమ్‌లో యాకోబేయస్ మనుషుల్లో ఇలా చూడటం మొదలుపెట్టాడు. అయినా దెబ్బలు తగిలినవాళ్ల దాకా ఈ పద్ధతి చాలాకాలం రాలేదు. అనుమానం వస్తే పొట్ట నిలువునా కోసి చూడటమే దారి.

1965లో అమెరికాలో రూట్ బృందం కొత్త పరీక్ష తెచ్చింది. బొడ్డు కింద సన్నని గొట్టం పెట్టి, లీటరు ద్రవం పోసి, వెనక్కి తీసి చూడటం. తర్వాత స్థిరపడిన లెక్క ప్రకారం ఘన మిల్లీమీటరుకు 1,00,000 ఎర్రకణాలు దాటితే ఆపరేషనే. ఎందరి ప్రాణాలో నిలిపిన పరీక్ష ఇది. కానీ రక్తం ఉందని చెప్పేదే తప్ప, ఎక్కడి నుంచి వచ్చిందో, ఇంకా కారుతోందో ఆగిందో చెప్పేది కాదు. దానంతటదే ఆగిపోయిన రక్తస్రావానికీ జనం పెద్ద కోత భరించారు.

ఆ కోత అవసరమా అన్న అనుమానం పిల్లల ప్లీహం (పొట్టలో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్) దగ్గర బలపడింది. ప్లీహం తీసేసిన శిశువులకు ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు వస్తున్నాయని 1952లో కింగ్, షూమేకర్ గమనించారు. 1968లో టొరంటో నుంచి ఉపాధ్యాయ, సింప్సన్ రాసిన పత్రం చిట్లిన ప్లీహం చాలాసార్లు తానే రక్తస్రావం ఆపుకుంటుందని చూపింది. కోయకుండా కనిపెట్టుకొని ఉండటం అక్కడి నుంచి బలం పుంజుకుంది.

1980ల మొదట్లో లాస్ ఏంజెలెస్‌లో బెర్చి సన్నని స్కోపుతో దెబ్బతిన్న పొట్టల్లోకి చూశాడు. అంతలోనే సీటీ స్కాన్, 1990ల్లో అల్ట్రాసౌండ్ ఎమర్జెన్సీ గదుల్లోకి వచ్చేశాయి, కెమెరా వెనకబడింది. అయితే సీటీకి కాలేయం, ప్లీహం స్పష్టంగా దొరుకుతాయి గానీ పేగుకు పడిన చిన్న చిల్లు, పేగును పట్టి ఉంచే పొర చిరగడం, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర డయాఫ్రం చీలడం కొన్నిసార్లు తప్పించుకుంటాయి. చిల్లు పడ్డ పేగు మొదటి గంటల్లో నొప్పి తప్ప పెద్ద గుర్తేమీ చూపకపోవచ్చు. ఆలస్యమైతే పొట్టంతా చీము పడుతుంది. కెమెరా మళ్ళీ అవసరమైంది ఈ ఖాళీలోనే. 1990లో ముంబయిలో ఉద్వాడియా గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌ను ఈ దారిలో చేశాక మన దేశంలోనూ చేతులు తయారయ్యాయి. ఇప్పుడు చిల్లు కనిపిస్తే చాలాసార్లు అక్కడే కుట్టేస్తారు.

ఒక షరతు మాత్రం ఎవరూ దాటకూడదు: బీపీ నిలకడగా ఉండాలి. పొట్టలో 12–15 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో కార్బన్ డయాక్సైడ్ నింపితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. రక్తం కోల్పోయిన మనిషి దాన్ని తట్టుకోలేడు. తలకు దెబ్బ ఉంటే మెదడులో ఒత్తిడి పెరుగుతుంది. డయాఫ్రం చీలి ఉంటే గ్యాస్ ఛాతీలోకి ఎక్కుతుంది. వెనకవైపు దాగిన క్లోమం (పాంక్రియాస్), చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం కెమెరాకూ సరిగా అందవు. పేగును మొదటి నుంచి చివరిదాకా అంగుళం అంగుళం తిప్పి చూడకపోతే చూసినట్టే కాదు.

సంతకం పెట్టే కాగితంలో 'అవసరమైతే పొట్ట తెరుస్తాం' అనే మాట కూడా ఉంటుంది. అది తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటే, తెలుగు వచ్చిన నర్సునైనా పిలిచి చెప్పించుకోండి. మధ్యలో సర్జన్ కోతకు మారితే కెమెరా విఫలమైందని అనుకోకండి. తెరవాల్సిన పొట్ట అని కెమెరాయే చూపి ఉండొచ్చు.