ఒకే కాయ, 31 ముఖాలు: హైబ్రిడ్ కాక్టస్ మొక్కలపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మా డాబా మీద కాక్టస్ మొక్కలు పెంచుతూ 14 ఏళ్లయింది. చూడటానికి వచ్చినవారు నీళ్ల గురించి ఒక మాట అడిగి, వెంటనే ఒక హైబ్రిడ్ మొక్కను చూపించి "దీని తల్లిదండ్రులు ఏవి?" అంటారు. చాలాసార్లు నా జవాబు "తెలియదు". ఇన్నేళ్ల నుంచి పెంచుతూ ఈ మాట అంటే నమ్మరు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఒకే కాయలోని గింజలు కాబట్టి మొక్కలన్నీ ఒకేలా వస్తాయి.

"విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా" అని సామెత. పెసలకూ మినుములకూ అది సరిపోతుంది. మామిడికి సరిపోదు. తిన్న పండు టెంకను పెరట్లో పాతి, ఏళ్లు ఎదురుచూసి, పుల్లటి పీచుకాయ కోసుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. అందుకే అంటు కడతాం. హైబ్రిడ్ కాక్టస్‌ది మామిడి దారే.

2019 జూన్‌లో మా గులాబీరంగు ఎకినాప్సిస్ (ఒక రకం కాక్టస్) హైబ్రిడ్ మీద ఒక కాయ పగిలింది. ఆవగింజలో సగం కూడా లేని నల్లటి గింజలు. మొరం పొడి, జల్లించిన దొడ్డు ఇసుక కలిపిన ట్రేలో చల్లితే 31 మొక్కలు బతికాయి. మొదటి ఏడు అన్నీ పచ్చటి బఠాణీలే, తేడా కనిపించలేదు. రెండో ఏడు నుంచి ఎవరి దారి వారిది. ఒకదానికి అగ్గిపుల్ల పొడవు గోధుమరంగు ముళ్లు. దాని పక్కదానికి ముల్లు ఉండాల్సిన చోట చిన్న దూదిమచ్చ, అందులో వేలికి కూడా తగలని మొనలు. ఒకటి ఒంటి బంతిగా లావెక్కింది, ఇంకొకటి మొదట్లోనే తొమ్మిది పిలకలు వేసి వేరుశనగ కాయల గుత్తిలా పాకింది. 2023 వేసవిలో పూత మొదలైంది. ఒకటి నారింజరంగు, ప్రతి రేకు నడుమ ముదురు గీత. ఒకటి తెలుపు, గొంతులో లేత ఆకుపచ్చ, రాత్రి విచ్చి మర్నాడు ఎండకు వాడిపోయింది. తల్లి గులాబీరంగు మాత్రం పూసిన ఏడింటిలో ఒక్కదానికే వచ్చింది.

నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పత్తి రైతు వీటిని చూసి, "మా పత్తి కూడా హైబ్రిడే కదన్నా, చేనంతా ఒకే తీరుగా ఉంటుంది. మరి ఇదేమిటి?" అని అడిగారు. ఇంత మంచి ప్రశ్న నన్ను మరెవరూ అడగలేదు.

1970లో సూరత్‌లో శాస్త్రవేత్త సి.టి. పటేల్ రూపొందించిన హెచ్-4 పత్తి మొదలు, పత్తి హైబ్రిడ్లన్నిటికీ తల్లీ తండ్రీ గుణం స్థిరపడిన రకాలే. అలాంటి తల్లి ప్రతి గింజకూ ఒకే గుణాలు ఇస్తుంది, తండ్రీ అంతే. కాబట్టి మొదటి తరం ఒకే అచ్చులో వస్తుంది. ఆ హైబ్రిడ్ పత్తి గింజనే దాచి మరుసటి ఏడు వేస్తే చేను కలగాపులగం అవుతుందని రైతులకు తెలుసు. బఠాణీలతో మెండెల్ 1866లో అచ్చువేసిన విషయమూ ఇదే: కలిపిన గుణాలు రెండో తరంలో విడిపోతాయి.

కాక్టస్‌లో చాలా జాతులు తమ పుప్పొడితో తాము కాయ కట్టవు. ఒకే మొక్కను తరతరాలు తనతోనే కలిపి గుణం స్థిరపరచే దారి మూసుకుపోయినట్టే. పైగా మనం తల్లిదండ్రులుగా వాడే మొక్కలే హైబ్రిడ్ల పిల్లలు, ఆ పిల్లల పిల్లలు. పత్తిలో రెండో తరంలో కనిపించే చెదురు ఇక్కడ మొదటి కాయలోనే కనిపిస్తుంది. మన చపాట మిర్చి వంటి నిలకడైన రకానికి మంచి కాయ ఎంచి విత్తనం దాచుకుంటే చాలు. హైబ్రిడ్ ఎకినాప్సిస్‌లో మీకు నచ్చిన ఆ ఒక్క మొక్క కావాలంటే దాని పిలకే తీసుకోవాలి, లేదా అంటు కట్టాలి.

అపోహ: పువ్వు, ముళ్లు చూస్తే అమ్మానాన్నలు ఎవరో అనుభవజ్ఞులు చెప్పేస్తారు.

చెప్పలేరు. ఊహించగలరు, అంతే. ఆస్ట్రోఫైటమ్ అనే కాక్టస్‌లనే తీసుకోండి, వాటిలో మూడు జాతులు చూద్దాం. మిరియోస్టిగ్మాకు సాధారణంగా అయిదు గట్లు (ఒంటి మీద నిలువుగా ఉబ్బిన అంచులు), ముళ్లుండవు, ఒంటినిండా తెల్లటి చుక్కలు. ఆర్నేటమ్‌కు ఎనిమిది గట్లు, గట్టి ముళ్లు. ఆస్టీరియాస్‌కూ ఎనిమిదే, కానీ చదునుగా, ముళ్లు లేకుండా ఉంటుంది. ఇప్పుడు మీ చేతిలో ఎనిమిది గట్లతో, పొట్టి ముళ్లతో ఒక మొక్క ఉందనుకోండి. అది ఆర్నేటమ్‌కూ ఆస్టీరియాస్‌కూ పుట్టి ఉండవచ్చు, ఆర్నేటమ్‌కూ మిరియోస్టిగ్మాకూ పుట్టి ఉండవచ్చు. వీటిలో ఒక హైబ్రిడ్‌ను మళ్లీ ఆర్నేటమ్‌తో కలిపినా అదే రూపు రావచ్చు. గట్ల లెక్క కూడా నమ్మకమైనది కాదు, మిరియోస్టిగ్మాలోనే నాలుగు గట్ల మొక్కలూ ఉన్నాయి, ఆరు గట్లవీ ఉన్నాయి.

దానికితోడు ఎండ. ఒకే తల్లి పిలకలు రెండింటిని ఒకటి పిట్టగోడ మీద, ఒకటి పచ్చ నెట్ కింద పెంచాను. మన మే నెల ఎండకు మొదటిది రాగిరంగు తిరిగి, కురచగా, ముళ్లు దట్టంగా తయారైంది. రెండోది లేతగా సాగింది. ఎంతో చదివిన ఒక మిత్రుడు రెండూ వేర్వేరు జాతులని గట్టిగా వాదించాడు.

అపోహ: పక్కన పూసిన మొక్కే తండ్రి.

తెల్లటి ఎకినాప్సిస్ రాత్రి పూస్తుంది, దాని దగ్గరికి చిమ్మట పురుగులు వస్తాయి. ఆ పురుగు ఏ డాబా మీద వాలి వచ్చిందో ఎవరికి తెలుసు? పగటి పూలకైతే తేనెటీగలు. ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి రేణువు కావాలి కాబట్టి, ఒకే కాయలోని గింజలకు ఇద్దరు ముగ్గురు తండ్రులు ఉండవచ్చు. మరొకటి: ఒకే మొక్క నుంచి విడదీసిన రెండు పిలకలు పక్కపక్కన పూసినా సాధారణంగా కాయ కట్టవు. కుండీలు రెండైనా మొక్క ఒకటే.

అపోహ: డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే తేలిపోతుంది.

కొంతవరకే. మొక్కకు పచ్చదనం ఇచ్చే హరితరేణువుల డీఎన్‌ఏ మామూలుగా తల్లి నుంచే వస్తుంది, అది తల్లి వంశాన్ని చెబుతుంది. తండ్రి తేలాలంటే అనుమానమున్న మొక్కల నమూనాలు కూడా ఉండాలి. అప్పుడు "ఇది తండ్రి కాదు" అని గట్టిగా చెప్పవచ్చు. ఆ తండ్రి చనిపోయి, పిలకలు కూడా మిగలకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు.

అపోహ: ఎర్ర తల కాక్టస్ హైబ్రిడ్.

కాదు. అది పచ్చదనం లేకుండా పుట్టిన జిమ్నోకాలిసియం అనే కాక్టస్. సొంతంగా ఆహారం చేసుకోలేదు కాబట్టి డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద అంటు కడతారు. అంటు కడితే రెండూ కలిసి జీవిస్తాయి, గుణాలు కలవవు. పాలు కారే బొంతజెముడుతో కాక్టస్‌ను కలిపారన్న మాట కూడా నమ్మకండి, రెండూ వేర్వేరు కుటుంబాలు.

అపోహ: పేరు లేని మొక్కకు దగ్గరగా ఉన్న పేరు పెడితే తప్పేమీ లేదు.

ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఒకచోట రెండు తల్లిదండ్రుల పేర్లు ముద్దుగా రాసి ఉన్న మొక్క కొన్నాను. నాలుగేళ్లు సాకాను. పూసిన రోజున ఆ పేర్లలో ఏ ఒక్కటీ నిజం కాదని అర్థమైంది. ఈలోగా దాని పుప్పొడి మరో మూడు మొక్కలకు వాడాను. ఆ పిల్లల చీటీలన్నీ ఇప్పుడు అబద్ధాలే.

కలపదలచుకున్నప్పుడు పువ్వు విచ్చీ విచ్చకముందే కేసరాలు కత్తిరించండి. ఎంచుకున్న పుప్పొడిని మెత్తటి కుంచెతో అద్ది, పువ్వుకు పలుచటి గుడ్డసంచి తొడగండి. చీటీ అప్పుడే రాయండి, తెల్లవారాక కాదు. తల్లి పేరు ముందు, గుణకారపు గుర్తు, ఆపైన తండ్రి పేరు, తేదీ. పెన్సిల్‌తోనే రాయండి. మార్కర్ రాత మన ఎండకు ఒక్క వేసవిలో వెలిసిపోతుంది, పెన్సిల్ గీత ఏళ్లు నిలుస్తుంది. అదే వివరం ఒక నోటుపుస్తకంలోనూ ఎక్కించండి, చీటీలను కోతులు పీకేస్తాయి.

2019 ట్రేలోని ఆ 31 మొక్కల చీటీల మీద నేను రాసింది ఇంతే: "ఎకినాప్సిస్ హైబ్రిడ్, తల్లి కుండీ 7, తండ్రి తెలియదు." వాటి పిలకలు తీసుకెళ్లేవారికి కూడా ఇదే చీటీ రాసి ఇస్తున్నాను.