కరెంటు లేని పాలీహౌస్‌లో నారు పెంచడమెలా?

లంబసింగి, చింతపల్లి వైపు చలికాలం రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. మిరప, టమాటా మొలకెత్తడానికి 25–30 డిగ్రీలు కావాలి. 15 కంటే తగ్గితే మిరప గింజ తడిలో నాని నాని కుళ్లుతుంది.

పైన పాలిథిన్ ఉందిగా అని ధీమాపడొద్దు. మామూలు పాలిథిన్, రాత్రిపూట నేల వదిలే పరారుణ వేడిని చాలావరకు బయటికి పోనిస్తుంది. పోనీ, ఎండకు వేడెక్కిన నీళ్ల డ్రమ్ములు పెడదామా? 200 లీటర్ల నీళ్లు పది డిగ్రీలు చల్లారితే వచ్చే వేడి దాదాపు 2.3 యూనిట్లు. 40 చదరపు మీటర్ల పాలిథిన్ కప్పిన చిన్న టన్నెల్‌ను (సొరంగంలాంటి పాలీహౌస్‌ను) బయటికంటే పది డిగ్రీలు వెచ్చగా ఉంచాలంటే అది గంటకే సరి!

కాబట్టి వేడి చేయాల్సింది ట్రేలను, టన్నెల్‌ను కాదు. ఈ గింజలు మొలకెత్తడానికి వెలుతురు అక్కర్లేదు గనుక పని తేలికే. ఉప్పు పోయేలా కడిగిన కొబ్బరిపొట్టును 98 గుంతల ప్రోట్రేలలో (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలలో) నింపి, గింజను అర సెంటీమీటరు లోతున వేయాలి. పొట్టును పిడికిట పిండితే రెండు మూడు చుక్కలే రావాలి. ధారగా కారితే నారుకుళ్లు ఖాయం. పదేసి ట్రేలు దొంతరగా పేర్చి పాలిథిన్ చుట్టాలి.

అడుగున వేడికి పచ్చిపేడ, వరిగడ్డి కలిపి మీటరు పొడవు, వెడల్పు, ఎత్తున కుప్ప వేయాలి. ఇంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. మొదట్లో 50–60 డిగ్రీలకు చేరుతుంది, అమ్మోనియా ఘాటూ ఉంటుంది. ఘాటు పోయి, వేడి 30కి దిగాక పైన జానెడు మాగిన ఎరువు పరిచి ట్రేలు పెట్టాలి.

టమాటాను నాలుగో రోజు నుంచీ, మిరపను ఆరో రోజు నుంచీ పొద్దునా సాయంత్రం విప్పి చూడాలి. మొలక తల ఎత్తగానే ట్రేలను వెలుతురులో పరచాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు తెల్లగా సాగి వాలిపోతాయి, మళ్లీ కోలుకోవు.

పగలు కష్టం ఇంకో రకం. ఫ్యాన్లుండవు, ఎండెక్కితే లోపల 40 డిగ్రీలు దాటుతుంది. వేడిగాలి పోవడానికి పైన, చల్లగాలి రావడానికి పక్కన తెరలు ఎత్తాలి. తెల్లదోమ రాకుండా అక్కడ 40 మెష్ (అంగుళానికి 40 రంధ్రాల) వల ఉండాలి.

రెండు మీటర్ల ఎత్తున డ్రమ్ము పెడితే వచ్చే ఒత్తిడి 0.2 బార్. దానితో ఫాగర్లు (నీటిని పొగమంచులా చల్లే పరికరాలు) పనిచేయవు, జల్లెడ మూతి ఉన్న రోజ్‌క్యానే దిక్కు. నీళ్లు ఉదయమే పోయాలి, సాయంత్రానికి ఆకు ఆరిపోవాలి.