న్యూపోర్-దెలాజ్ 29: నమూనా కట్టేవాళ్ళను తప్పుదారి పట్టించే అపోహలు

అపోహ: ఇది మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన విమానం.

వాస్తవం: గుస్తావ్ దెలాజ్ గీసిన ఈ జంట రెక్కల ఫ్రెంచ్ ఫైటర్ 1918లోనే ఎగిరింది కానీ, దళాలకు చేరింది 1922లో. మొదటి ప్రొటోటైప్ కోరినంత ఎత్తుకు ఎక్కలేకపోయింది. రెక్కలు పెంచాకే ఆ లోటు తీరింది. కాబట్టి దీనికి 1918 నాటి యుద్ధరంగం మచ్చల రంగులు వేస్తే పొరపాటే.

అపోహ: న్యూపోర్ అంటే రోటరీ ఇంజనే.

వాస్తవం: రోటరీ అంటే ప్రొపెల్లర్‌తో పాటు సిలిండర్లూ తిరిగే ఇంజన్; పాత న్యూపోర్ల అలవాటు అది. ఫైటర్ రకమైన 29 సి1లో ఉన్నది 300 హార్స్‌పవర్ హిస్పానో-సుయిజా 8ఎఫ్‌బి, నీటితో చల్లబడే ఎనిమిది సిలిండర్ల వి-8. నీళ్ళున్నాయంటే రేడియేటర్ ఉండాలి కదా! ముక్కు కింద, చక్రాల కాళ్ళ మధ్య వేలాడే రెండు లాంబ్లాన్ రేడియేటర్లు అవే. వాటిని బాంబులనుకుని పీకేసిన నమూనాలు కనిపిస్తుంటాయి. బాంబులు మోసిన రకం వేరు: 29బి-1, ఒక్కోటి 10 కిలోల చొప్పున ఆరు. గ్నోమ్ రోటరీతో 29జి కూడా చేశారు గానీ, అది ప్రయోగంగానే మిగిలింది.

అపోహ: బయటి స్ట్రట్లు (పై, కింది రెక్కలను కలిపే నిలువు కమ్మీలు) తీసేస్తే రేసు విమానం 29వి తయారు.

వాస్తవం: ఎక్కువ కిట్లు పాడయ్యేది ఇక్కడే. ఫైటర్ రెక్కల వెడల్పు 9.70 మీటర్లు, 29విది కేవలం 6. అంటే 1:72 కొలతలో 134.7 మి.మీ. నుంచి 83.3 మి.మీ.కు దిగాలి. ఒక్కో పక్క దాదాపు 25.7 మి.మీ. తగ్గుతుంది. చివర నిలువుగా కోసేసి ఊరుకుంటే అంచు మొద్దుగా మిగిలిపోతుంది. ముందు కాగితం మీద కొత్త అంచు గీసుకుని, కాస్త ఎక్కువ వదిలి కోసి, ఆకురాయితో గుండ్రంగా తేవాలి. ఫైటర్‌కు పక్కకు రెండు వరుసల స్ట్రట్లుంటే, దీనికి ఒక్కటే. ఇలా రెక్కలు కత్తిరించుకున్న విమానంతోనే ఫ్రెంచ్ పైలట్ సాదీ-లెక్వాంత్ 1920 సెప్టెంబర్‌లో గోర్డన్ బెనెట్ విమాన పందెం గెలిచాడు, అదే ఏడాది డిసెంబర్ 12న గంటకు 313 కి.మీ. రికార్డు పెట్టాడు.

ఫైటర్ రెక్కలు అతికించేటప్పుడు తొందర పనికిరాదు. కింది రెక్క పూర్తిగా ఆరాక, అట్టముక్కతో చేసిన చట్రంలో స్ట్రట్లు నిలబెట్టి, పై రెక్క దించాలి. జిగురు పచ్చిగా ఉండగానే రెక్కల మధ్య బిగించే తీగలు లాగితే రెక్క మెలితిరుగుతుంది. ఆ తర్వాత సరిచేయడం దాదాపు అసాధ్యం.

అపోహ: వీటిని ఎక్కువగా కట్టింది ఫ్రాన్సే.

వాస్తవం: జపాన్‌లో నకజిమా సంస్థ కో-4 పేరుతో 608 కట్టింది. ఫ్రాన్స్ సైన్యం తీసుకున్నవి సుమారు 250. ఇటలీ, బెల్జియం కూడా లైసెన్సుతో కట్టాయి. అందుకే ఎర్ర సూర్యుడి గుర్తున్న 29 కనిపిస్తే డెకాల్ (నమూనాపై అతికించే గుర్తు) తప్పనుకోకండి.

అపోహ: న్యూపోర్-దెలాజ్ 62 అంటే పెద్ద ఇంజన్ పెట్టిన 29.

వాస్తవం: కాదు. 42తో మొదలైన ఆ వరుసలో కింది రెక్క బాగా చిన్నది, సన్నది. దాన్ని సెస్క్విప్లేన్ అంటారు. ఇంజన్ 12 సిలిండర్లది. పక్కకు ఒకే జత వి ఆకారపు స్ట్రట్లు. ఫొటోలో వాటిని చూస్తే చాలు, 29 కాదని తేలిపోతుంది. 622, 629 ఈ 62 నుంచే వచ్చాయి. 629కి సూపర్‌చార్జర్, అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం, ఉంది. ఇదే వరుసలో స్పెయిన్ కట్టుకున్న 52 మాత్రం లోహపు కట్టడం.