కోచ్ గొంతు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వాలీబాల్‌లో టైమ్‌అవుట్, అంటే ఆట మధ్యలో కోచ్ అడిగే విరామం, 30 సెకన్లు. ఆటగాళ్లు వచ్చి చుట్టూ నిలబడేసరికే అందులో కొంత కరిగిపోతుంది. మిగిలినదంతా అరుపులతో నింపేసిన రోజులు నాకూ ఉన్నాయి. కాబట్టి కింది అపోహల్లో చాలావరకు ఒకప్పుడు నావే.

అపోహ: గట్టిగా తిడితేనే దారికి వస్తారు.

వాస్తవం: ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. వరసగా రెండు సర్వ్‌లు నెట్‌కు కొట్టినవాణ్ని తిడతాం, మూడోది చక్కగా పడుతుంది. తిట్టే పనిచేసిందనుకుంటాం. ఇజ్రాయెల్ వైమానిక దళంలో ఒక శిక్షకుడు మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్‌తో ఇదే అన్నారు: మెచ్చుకుంటే తర్వాతి విన్యాసం చెడుతోంది, తిడితే బాగుపడుతోంది అని. కానమన్ అక్కడున్నవారందరి చేత వెనక్కి తిరిగి చూడకుండా, వీపు వెనక ఉన్న గురి మీదికి రెండేసి నాణేలు విసిరించారు. మొదటిది బాగా వేసినవారిలో ఎక్కువమంది రెండోది చెడగొట్టారు. మొదట చెడగొట్టినవారు మెరుగయ్యారు. మధ్యలో పొగడ్తా లేదు, తిట్టూ లేదు. మరీ చెడ్డ ప్రయత్నం తర్వాత వచ్చేది మామూలుగానే దానికన్నా మేలుగా ఉంటుంది. ఆ పేరు మన తిట్టు కొట్టేస్తుంది.

నష్టం మాత్రం తిట్టుదే. భయపడిన ఆటగాడు "బంతి నాది" అని కేక వేయాల్సిన చోట నోరు మెదపడు. మోకాలి నొప్పి దాచిపెడతాడు. ఇవి స్కోరుబోర్డుకు ఎక్కవు కనుక మన లెక్కలోకీ రావు.

అపోహ: శాంతమైన కోచ్ అంటే ఎప్పుడూ మెచ్చుకునేవాడు.

వాస్తవం: అమెరికాలో 12 ఏళ్లలో 10 జాతీయ కళాశాల టైటిళ్లు గెలిచిన బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ సాధన చేయించే తీరును 1974-75 సీజన్‌లో ఇద్దరు పరిశోధకులు పక్కన కూర్చుని నమోదు చేశారు. నమోదైనవాటిలో మెప్పులు ఏడు శాతం లోపే, చిరాకు కూడా ఏడు శాతం లోపే. దాదాపు నాలుగింట మూడొంతులు ఏం చేయాలి, ఎలా చేయాలి అనే సమాచారమే. "నీకు శ్రద్ధ లేదు" అంటే ఆటగాడు సరిదిద్దుకోగలిగింది ఏమీ లేదు. "మోచెయ్యి పైకి" అంటే ఉంది.

అపోహ: మాట ప్రభావం 7 శాతమే, మిగతాది గొంతు, హావభావాలు.

వాస్తవం: మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967 నాటి ప్రయోగాలను సాగదీసి చెప్పే లెక్క ఇది. ఆయన పరీక్షించింది విడి మాటలు పలికినప్పుడు ఇష్టాయిష్టాలు ఎలా తెలుస్తాయో మాత్రమే. నమ్మకం కుదరకపోతే, బ్లాకర్ (నెట్ దగ్గర ఎదుటి జట్టు కొట్టే బంతిని అడ్డుకునేవాడు) ఎటు జరగాలో కనుబొమలతో చెప్పి చూడండి.

అపోహ: ప్రశాంతత పుట్టుకతో రావాలి.

వాస్తవం: నాకు కోపం ఇప్పటికీ వస్తుంది. టైమ్‌అవుట్ అడగగానే ఊపిరి నెమ్మదిగా వదులుతాను. వదిలేటప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది. తర్వాత ఒక్క విషయమే చెప్పి, ఏం విన్నావని ఒకరిని అడుగుతాను. ఈ అలవాటు మొదలుపెట్టిన కొత్తలో, బ్లాక్ ఎక్కడ వేయాలో వివరంగా చెప్పాననుకుని సెట్టర్‌ను, అంటే కొట్టేవాడికి బంతి అందించే ఆటగాణ్ని, అడిగాను. "మీకు కోపం వచ్చిందని అర్థమైంది సార్" అన్నాడు.