క్లోమంలో పూడిక

నెల్లూరు నుంచి పొద్దున బండెక్కి చెన్నై సెంట్రల్‌లో దిగేవాళ్లలో స్కాన్ ఫైళ్లు చంకన పెట్టుకున్నవాళ్లు ఎప్పుడూ కొందరుంటారు. మా బావ నాలుగేళ్లు అలాగే తిరిగాడు. అన్నం తిన్న కాసేపటికి పైపొట్టలో మొదలై వీపులోకి దూసుకుపోయే నొప్పి. ముందుకు వంగి కూర్చుంటేనే కాస్త నయం. గ్యాస్ అనుకుని చాన్నాళ్లు మాత్రలు మింగాడు. చివరికి సీటీ స్కాన్‌లో క్లోమం నిండా రాళ్లు కనిపించాయి.

జీర్ణాశయం వెనక అడ్డంగా ఉండే క్లోమం జానెడు కూడా ఉండదు. అరుగుదల రసాలూ, ఇన్సులినూ దాని పనే. క్రానిక్ పాంక్రియాటైటిస్ అనే ఈ జబ్బులో అది ఏళ్ల తరబడి వాచి, గట్టిపడుతుంది. రసం పారే నాళంలో కాల్షియం రాళ్లు కడతాయి. మద్యం, పొగ పెద్ద కారణాలే. కానీ దక్షిణాదిలో మందు ముట్టని కుర్రాళ్లకూ ఇది వస్తుంది. కొందరిలో స్పింక్1 అనే జన్యువులో మార్పులు కనిపించాయి. బావని అనుమానంగా చూసిన చుట్టాలకి ఈ మాట ఎవరూ చెప్పలేదు!

నాళం ఉబ్బి ఉంటే సర్జన్ చేసేది దాదాపు కాలువ పనే. నాళాన్ని పొడుగునా తెరిచి, రాళ్లు తీసి, చిన్నపేగుని పైకి తెచ్చి దానికి కుడతారు. రసం నేరుగా పేగులోకి పారుతుంది. పార్టింగ్టన్, రోషెల్ అనే సర్జన్లు 1960లో చెప్పిన పద్ధతి ఇది. క్లోమం తల భాగం గట్టిపడి ఉంటే ఇదొక్కటే చాలదు. తలను లోపల్నుంచి తొలిచి, ఆపైన పేగు కుట్టే పద్ధతిని 1987లో ఫ్రే అనే సర్జన్ వివరించాడు.

కోత లేకుండా ఎండోస్కోపీతో రాళ్లు తీయొచ్చుగా అంటారు. నెదర్లాండ్స్‌లో 39 మందితో ఈ రెంటినీ పోల్చి 2007లో ఫలితాలు ప్రకటించారు. రెండేళ్లకు నొప్పి తగ్గినవాళ్లు సర్జరీ వైపు 75 శాతం, ఎండోస్కోపీ వైపు 32 శాతం. తర్వాత కొన్నేళ్లు గమనించినా తేడా అలాగే ఉంది. ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లలో సుమారు సగంమంది చివరికి ఆపరేషన్‌కే వచ్చారు. చిన్న అధ్యయనమే, కానీ నాకు తేలిగ్గా కొట్టిపారేయదగ్గదిగా అనిపించదు. ఆలస్యానికి ఇంకో నష్టం ఉంది: ఏళ్లపాటు నొప్పి మోసిన నరాలు, మెదడు దానికి అలవాటుపడతాయి. అప్పుడు పూడిక తీసినా నొప్పి పూర్తిగా పోకపోవచ్చు.

అయితే ఆపరేషన్ తీర్చేది ముఖ్యంగా నొప్పినే. గట్టిపడిన క్లోమం మళ్లీ మెత్తబడదు. షుగర్ తర్వాత కూడా రావచ్చు, ఉన్నది ముదరొచ్చు. క్లోమ క్యాన్సర్ ముప్పూ మామూలువాళ్లకంటే ఎక్కువే, అందుకే చెకప్‌లు మానకూడదు.

ఆపరేషనై ఆరేళ్లయింది. ఇప్పుడు బావకి నొప్పి ఎప్పుడో గానీ రాదు. ఇన్సులిన్ మాత్రం తప్పలేదు. అరుగుదల రసాలకి బదులు వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్ అన్నంతోపాటే లోపలికి వెళ్లాలి, లేకపోతే నూనె తేలే విరేచనాలు. అందుకే అక్క వడ్డిస్తూనే, ‘ఏమండీ, క్యాప్సూల్ వేసుకున్నారా?’ అంటుంది. అది విన్నాకే ఆయన జేబు తడుముకుంటాడు.